ఉప్పునీటి అక్వేరియమునకు ఎంత స్కిమ్మర్ కావలెను?

మన నగరములో మరగ్ వండు ఇండ్లలో ఒక దృశ్యము అందరు ఎరిగినదే. మాంసము వేసిన నీరు మొదటిసారి పొంగునప్పుడు దానిపై బూడిదరంగు నురుగు తేలును. వంట చేయువారు దానిని గరిటెతో తీసి పారవేసిన తరువాతనే మసాలా దినుసులు వేయుదురు. బెల్లము వండు పల్లెలలో చెరకు రసముపై తేలు తెట్టును రైతు ఇట్లే తీసివేయును. ఉర్దూవారు ఝాగ్ అనినను, తెలుగువారు నురుగు అనినను, ఇరువురును చేయు పని ఒకటే. మలినమును పైకి తేలనిచ్చి, అది తిరిగి కలిసిపోక ముందే తొలగించుట. సముద్రపు నీటి అక్వేరియమునకు అమర్చు ప్రోటీన్ స్కిమ్మర్ అను యంత్రము చేయు పనియు ఇదియే.

ఈ యంత్రమును గూర్చి వ్రాయుటకు మాకు ఒక కారణము కలదు. జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఒక సముద్రపు నీటి అక్వేరియం నెలకొల్పవలెనని మేము కళాశాల పాలక సంఘమునకు విన్నవించుకొంటిమి. సంఘ సభ్యులు సానుభూతితో విని రెండు ప్రశ్నలు వేసిరి: ఎంత ఖర్చగును? చేపలు బ్రతుకునా? మొదటి ప్రశ్నకు ధరల పట్టిక చాలును. రెండవ ప్రశ్నకు పట్టికలో సమాధానము దొరకదు. అక్వేరియం సామగ్రిలో ఎక్కువ ధర పలుకు వస్తువులలో స్కిమ్మర్ ఒకటి. అది చిన్నదైనను నష్టమే, మరీ పెద్దదైనను నష్టమే. అందుచేత దాని పరిమాణమును ఎట్లు నిర్ణయించవలెనో తెలిసికొనుటయే మా అధ్యయన విషయమయ్యెను.

ఖాజాగూడలో మేము చూచినది

సముద్రము హైదరాబాదుకు దూరము. మనకు దగ్గరి తీరమునకు పోవలెనన్నను సుమారు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణము చేయవలెను. కాని ఉప్పునీటి చేపలను పెంచు వేడుక మన నగరములో పెరుగుచున్నది. ఖాజాగూడలో ఒకవైపు ఇరువది అయిదు వందల కోట్ల సంవత్సరాల కాదు, రెండు వందల యేబది కోట్ల సంవత్సరాల నాటి నల్లరాతి గుట్టలు, మరియొకవైపు చెరువు, వాటి నడుమ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల అపార్టుమెంట్లు కలవు. అట్టి అపార్టుమెంటు ఒకదానిలో నివసించు మా కళాశాల పూర్వ విద్యార్థి ఇంట ఒక ఉప్పునీటి అక్వేరియం కలదు. ఆయన తమ పొరపాట్లను దాచక చెప్పి, తాము వ్రాసికొన్న దినచర్య పుస్తకమును మాకు ఇచ్చిరి. ఈ వ్యాసమునకు ఆ పుస్తకమే ఆధారము.

ఆయన మొదట కొన్న స్కిమ్మర్ పెట్టెపై "300 లీటర్ల వరకు" అని ఉండెను. తొట్టిలోని నీరు అంతకంటె తక్కువ. కావున సరిపోవునని ఆయన తలంచిరి. పదునాలుగు చేపలను వేసి, పిల్లల ముచ్చట కొరకు దినమునకు మూడుసార్లు మేత వేసిరి. స్కిమ్మర్ గిన్నె ప్రతి సాయంకాలము నల్లని ద్రవముతో నిండిపోయెడిది. నీటిలో నైట్రేటు నెలనెలకు పెరిగెను, రాళ్లపై నాచు పట్టెను. మే నెలలో ఒక రాత్రి కొన్ని గంటలు కరెంటు పోగా, తెల్లవారుసరికి పండ్రెండు చేపలు చనిపోయినవి.

మిగిలిన రెండు చేపల కొరకు ఆయన ఈసారి 1,200 లీటర్లకు తగిన యంత్రమును తెచ్చిరి. గోటితో పోవు దానికి గొడ్డలి తెచ్చినట్లయ్యెను. మూడు వారములు గిన్నె పొడిగానే ఉండెను. యంత్రము పనిచేయుటలేదని తలంచి, ఆయన లోపలి నీటిమట్టమును పెంచిరి. అప్పుడు గిన్నెలోనికి నురుగునకు బదులు దాదాపు తేటనీరే దినమునకు రెండు లీటర్ల చొప్పున వచ్చుచుండెను. తగ్గిన నీటిని నింపు యంత్రము, యథావిధిగా, మంచినీటిని నింపుచుండెను. ఇరువది దినములలో లవణత వెయ్యికి 35 పాళ్ల నుండి 30 పాళ్లకు దిగిపోయెను. క్రొత్తగా వేసిన రొయ్యలు ఒకదాని వెంట ఒకటి మరణించినవి.

మొదటి యంత్రము చిన్నది, రెండవది పెద్దది. కాని రెండు తప్పులకును మూలము ఒకటే. పెట్టెపై గల అంకెను చూచిరి గాని, తొట్టి ఏమి కోరుచున్నదో చూడలేదు.

నురుగు ఎట్లు పనిచేయును?

చేపల మేతలోను, విసర్జనములోను ప్రోటీన్లు, కొవ్వులు మొదలగు సేంద్రియ పదార్థములు ఉండును. వాటిలో పెక్కింటి అణువులకు రెండు స్వభావములు కలవు. ఒక భాగము నీటిని కోరును, మరియొక భాగము నీటికి దూరముగా తొలగును. ఇట్టి అణువునకు అనువైన చోటు గాలియు నీరును కలియు సరిహద్దు. అచ్చట ఒక కొన నీటిలోను, ఒక కొన గాలిలోను ఉంచి అది నిలుచును. బుడగ యనగా నీటిలో మనము కల్పించిన సరిహద్దు. స్కిమ్మర్ వేలకొలది సన్నని బుడగలను పుట్టించి, వాటిని ఒక గొట్టములో పైకి పంపును. బుడగలు మలినమును అంటించుకొని గొట్టము పైభాగమున గల సన్నని మెడలోనికి చేరును. అచ్చట వాటి నడుమ గల నీరు క్రిందికి కారిపోగా, చిక్కని నురుగు గిన్నెలో పడును.

ఈ పని ఎంత త్వరగా జరిగిన అంత మేలు. నీటిలోనే ఉండిపోయిన ప్రోటీను కుళ్లి అమ్మోనియాగా మారును. బాక్టీరియా దానిని నైట్రైటుగాను, తరువాత నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును చేపలకు విషతుల్యములు. మూడవది అంత తీక్ష్ణము కాకున్నను, పేరుకొనిన కొలది నాచును పెంచి జీవులను బలహీనపరచును. వడపోత దూది మలినమును పట్టి ఉంచును గాని, దానిని కడుగువరకు మలినము నీటి దారిలోనే ఉండును. స్కిమ్మర్ మాత్రము కుళ్లకముందే దానిని నీటినుండి వేరుచేయును. దాని విశిష్టత ఇదియే.

మంచినీటి అక్వేరియములలో ఈ యంత్రము సాధారణముగా ఎందుకు కనబడదని విద్యార్థులు అడుగవచ్చును. మంచినీటిలో చిన్న బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవగును, త్వరగా పైకి పోయి పగిలిపోవును. సముద్రపు నీటిలోని లవణములు ఆ కలయికను అడ్డగించును. దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. రెండు గాజుసీసాలు తీసికొని, ఒకదానిలో లీటరు మంచినీరు, రెండవదానిలో లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపిన నీరు పోసి, రెండింటిని సమానముగా కుదుపవలెను. ఉప్పునీటిలోని బుడగలు పాలవలె సన్నగా ఉండి, కొంచెము ఎక్కువసేపు నిలుచును. తరువాత రెండింటిలోను కోడిగ్రుడ్డు తెల్లసొన రెండేసి చుక్కలు వేసి కుదిపినచో గట్టి నురుగు కట్టును. ఆ నురుగుపై ఒక చుక్క వంటనూనె వేసిన అది అణగిపోవుట కనబడును. ఈ చివరి పరీక్షతో మనకు ముందు పని కలదు.

మొదటి మెట్టు: నీటి నిజమైన పరిమాణము

పొడవు, వెడల్పు, ఎత్తులను గుణించి తొట్టి పరిమాణమును చెప్పుట వాడుక. ఖాజాగూడ తొట్టి 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు. గుణించి వెయ్యిచే భాగించిన 270 లీటర్లు వచ్చును. కాని ఇది బయటి కొలత. అద్దము మందము ఒక సెంటీమీటరు. కావున లోపలి పొడవు 118, వెడల్పు 43. నీరు నిలుచు లోతు 45. ఈ లెక్కన 228 లీటర్లే అగును. అడుగున 25 కిలోల ఇసుక సుమారు 9 లీటర్ల చోటును, 20 కిలోల రాళ్లు సుమారు 10 లీటర్ల చోటును ఆక్రమించును. మిగిలినది 209 లీటర్లు. తొట్టి క్రింద గల సంపులో మరి 50 లీటర్ల నీరు కలదు. మన ఇండ్లలో నేలక్రింద నీరు నిలువచేయు సంపు వంటిదే ఇదియు. స్కిమ్మర్‌ను, హీటరును, మోటారును కంటికి కనబడకుండ దీనిలో అమర్చుదురు. మొత్తము 259 లీటర్లు, అనగా సుమారు 260.

ఇంత లెక్క వేయలేనివారికి సులభోపాయము కలదు. తొట్టిని మొదటిసారి నింపునప్పుడు ఇరువది లీటర్ల వాటర్ క్యాన్లు ఎన్ని పోసితిమో లెక్కించి గోడపై వ్రాసికొనిన చాలును. పదుమూడు క్యాన్లు పట్టినచో 260 లీటర్లు. ఈ అంకె స్కిమ్మరుకే గాక, మందు మోతాదునకును, ఉప్పు కలుపుటకును జీవితాంతము పనికివచ్చును.

రెండవ మెట్టు: జీవభారము

ఒకే కొలతగల రెండు తొట్టులలో ఒకదానిలో రెండు చేపలు, వేరొకదానిలో పదునాలుగు చేపలు ఉన్నచో రెండింటికి ఒకే యంత్రము తగదని వేరుగ చెప్పనక్కరలేదు. అయితే చేపల తలలు లెక్కించుట కంటె మేతను తూచుట మంచి పద్ధతి. తొట్టిలోనికి పోయిన మేతయే తొట్టిలోని మలినమునకు మూలధనము.

ఒక లెక్క చూతము. ఎండు మేతలో సగము ప్రోటీను అనుకొందము. ప్రోటీనులో సుమారు నూటికి 16 పాళ్లు నత్రజని. దినమునకు 2 గ్రాముల మేత వేసినచో ప్రోటీను 1 గ్రాము, నత్రజని 0.16 గ్రాము. అదంతయు నైట్రేటుగా మారిన 0.71 గ్రాము అగును. 260 లీటర్లలో అది లీటరునకు 2.7 మిల్లీగ్రాములు. మేత 5 గ్రాములైన దినమునకు 6.8 మిల్లీగ్రాములు. వాస్తవమున ఇందులో కొంత చేప శరీరముగా మారును, కొంత నాచు గ్రహించును, కొంత రాళ్లలోని బాక్టీరియా వలన వాయువై పోవును. అయినను రెండు గ్రాములకును, అయిదు గ్రాములకును గల తారతమ్యము మారదు. మా పూర్వ విద్యార్థి మూడుసార్లు వేసిన మేతను తరువాత తూచి చూడగా అది దాదాపు అయిదు గ్రాములని తేలెను. ముచ్చట పడినవారు పిల్లలు, మూల్యము చెల్లించినవి చేపలు.

మూడవ మెట్టు: పెట్టెపై గల అంకె

యంత్రము పెట్టెపై "ఇన్ని లీటర్ల వరకు" అని వ్రాయుటకు ఉత్పత్తిదారులందరు పాటించు ఉమ్మడి ప్రమాణము లేదు. ఒకరు పలుచగా చేపలున్న తొట్టిని, వేరొకరు నిండుగా చేపలున్న తొట్టిని దృష్టిలో ఉంచుకొని ఆ అంకెను వేయుదురు. కొందరు తక్కువ, మధ్యమ, అధిక భారములకు వేర్వేరుగా మూడు అంకెలు ఇచ్చుదురు. అట్లు ఇచ్చినప్పుడు మన భారమునకు చెందిన అంకెనే చూడవలెను. ఒకే అంకె ఉన్నచో అది తక్కువ భారమునకు చెందినదని భావించుట క్షేమము.

అనుభవజ్ఞులు పాటించు స్థూలమైన కొలత ఇట్లున్నది. చేపలు కొద్దిగా ఉండి మేత తక్కువైనచో, నిజమైన నీటి పరిమాణమునకు సమానము మొదలు ఒకటింపావు రెట్లు వరకు గల అంకె చాలును. మధ్యమ భారమునకు ఒకటిన్నర రెట్లు. నిండుగా చేపలుండి మేత ఎక్కువైన రెండు రెట్లు. మన 260 లీటర్లకు ఇవి వరుసగా 260 నుండి 325 వరకు, 390, 520 లీటర్లు అగును. ఇది ప్రకృతి నియమము కాదు, ఆరంభమునకు మార్గసూచి మాత్రమే. దీనితో పోల్చినచో ఖాజాగూడ కథ అర్థమగును. పదునాలుగు చేపలకు 520 అంకె కావలసియుండగా 300 అంకె యంత్రమును పెట్టిరి. రెండు చేపలకు 300 అంకె చాలియుండగా 1,200 అంకె యంత్రమును పెట్టిరి. అనగా భారము తగ్గిన వేళ యంత్రమును పెంచిరి.

పెద్ద యంత్రము నురుగునేల ఇవ్వదు?

చిన్నది చాలకపోవుట తెలియుచునే యున్నది. పెద్దది ఎందుకు పనిచేయదు? ఈ ప్రశ్నకు సమాధానము మెడలో కలదు. నురుగు నిలుచుటకు దానిలో తగినంత ప్రోటీను ఉండవలెను. లేనిచో బుడగలు మెడలోనికి ఎక్కకముందే పగిలిపోవును. అయిదు సెంటీమీటర్ల వ్యాసముగల మెడ వైశాల్యము 19.6 చదరపు సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల మెడ వైశాల్యము 78.5. వ్యాసము రెట్టింపైన వైశాల్యము నాలుగు రెట్లగును. ఆ మెడను నింపి నిలుపుటకు మలినమును దాదాపు ఆ నిష్పత్తిలోనే కావలెను. రెండు చేపల తొట్టిలో అంత మలినము ఎక్కడిది? కావున గిన్నె పొడిగా ఉండును. అది యంత్రము లోపము కాదు. యజమాని ఓపిక పట్టక నీటిమట్టమును పెంచినప్పుడు నురుగునకు బదులు నీరే పొంగును. దినమునకు రెండు లీటర్ల ఉప్పునీరు పోయి రెండు లీటర్ల మంచినీరు చేరిన ఇరువది దినములకు లవణత ఏడవవంతు తగ్గునని లెక్క తెలుపుచున్నది. దినచర్య పుస్తకములో 35 నుండి 30కి దిగుట ఈ లెక్కకు సరిపోయినది.

బుడగ పరిమాణమును గూడ విద్యార్థులు గమనింపవలెను. ఒక లీటరు గాలిని ఒక మిల్లీమీటరు వ్యాసముగల బుడగలుగా విభజించిన వాటి మొత్తము ఉపరితలము 6 చదరపు మీటర్లు. అర మిల్లీమీటరు బుడగలైన 12 చదరపు మీటర్లు. గాలి ఒకటే, పని చేయు చోటు రెట్టింపు. కావున యంత్రము ఎత్తును, బరువును చూచి మోసపోరాదు. గాలిని ఎంత సన్నగా చీల్చుచున్నది, ఆ బుడగలు గొట్టములో ఎంతసేపు నిలుచుచున్నవి అను రెండును చూడవలెను.

మన ఊరి పరిస్థితులు

విదేశములలో వ్రాసిన సూచనలు మన ఊరికి యథాతథముగా సరిపోవు. కొన్ని విషయములను ఇచ్చట పొందుపరచుచున్నాము.

మొదటిది కరెంటు. మన విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అమెరికాలో 60 హెర్ట్జులు. సాధారణముగా స్కిమ్మర్లలో వాడు ఎ.సి. మోటారు వేగము ఈ అంకెపై ఆధారపడును. రెండు ధ్రువముల మోటారు అచ్చట నిమిషమునకు 3,600 సార్లు తిరిగిన, ఇచ్చట 3,000 సార్లు తిరుగును. కావున పెట్టెపై వ్రాసిన గాలి, నీటి అంకెలు 50 హెర్ట్జులకు చెందినవో కావో అడిగి తెలిసికొనవలెను. ఖర్చును గూడ ముందే లెక్కింపవలెను. 15 వాట్ల యంత్రము నెలకు సుమారు 11 యూనిట్లు, 40 వాట్లది సుమారు 29 యూనిట్లు వాడును. ఇవి రాత్రింబవళ్లు నడుచు యంత్రములని మరువరాదు.

రెండవది కరెంటు పోవుట. మోటార్లు ఆగినప్పుడు పై తొట్టిలోని నీరు కొంత సంపులోనికి దిగును. మన తొట్టిలో మట్టము రెండు సెంటీమీటర్లు తగ్గిన పది లీటర్లు దిగును. స్కిమ్మర్ గొట్టములోని నీరును దానికి తోడగును. సంపులో అంత ఖాళీ చోటు లేకున్న నేలంతయు ఉప్పునీరే. అంతకంటె ముఖ్యమైనది ప్రాణవాయువు. సముద్రమట్టము వద్ద 25 డిగ్రీల మంచినీటిలో లీటరునకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగియుండగా, సముద్రపు నీటిలో సుమారు 6.7 మాత్రమే. 30 డిగ్రీల వద్ద అది 6.2కు దిగును. హైదరాబాదు ఎత్తైన పీఠభూమిపై ఉన్నందున ఇంకను కొంత తగ్గును. స్కిమ్మర్ నీటికి గాలిని అందించు యంత్రము గూడ. అది ఆగిన మే నెల రాత్రి, కిక్కిరిసిన తొట్టిలో పండ్రెండు చేపలు చనిపోవుటలో ఆశ్చర్యము లేదు. బ్యాటరీతో నడుచు చిన్న గాలిపంపు ఒకటి ఉన్నచో వాటి ప్రాణములు దక్కెడివి.

మూడవది గాలి. తలుపులు మూసి ఎ.సి. వేసిన గదిలో మనుష్యుల ఊపిరి వలన బొగ్గుపులుసు వాయువు పెరుగును. స్కిమ్మర్ దానినే పీల్చి నీటిలో కలుపగా నీటి పి.హెచ్. తగ్గును. గాలి గొట్టమును కిటికీ బయటికి తీసిన ఈ దోషము తగ్గును. అయితే ప్రక్కనే భవన నిర్మాణము జరుగుచున్నను, రంగులు వేయుచున్నను ఆ దుమ్ము, ఆ వాసనలు లోనికి రాకుండ చూచుకొనవలెను. వంటింటి ప్రక్కన గొట్టమును పెట్టరాదు. తాలింపు పొగలోని నూనె ఆవిరి నురుగును అణచివేయును. కొబ్బరినూనె రాసికొన్న చేతిని తొట్టిలో పెట్టినను అంతే. సీసాలో మనము చేసిన పరీక్ష దీనికి నిదర్శనము. అట్టి దినమున గిన్నె పొడిగా ఉన్నచో యంత్రమును నిందింపక ఒకటి రెండు దినములు వేచి చూడవలెను.

నాలుగవది చోటు. సంపులో స్కిమ్మర్ నిలుచు నీటి లోతును ఉత్పత్తిదారు చెప్పిన మేరకు స్థిరముగా ఉంచవలెను. ఎండకాలమున నీరు ఆవిరియై మట్టము దిగుచుండును. ఆవిరి అగునది మంచినీరే గనుక మంచినీటినే నింపవలెను. బల్ల అరలో యంత్రము పట్టుటయే గాక, గిన్నెను పైకెత్తి తీయుటకు పది సెంటీమీటర్ల ఖాళీ ఉండవలెను. గిన్నెను తీయుట కష్టమైనచో ఎవరును కడుగరు, కడుగని స్కిమ్మర్ పనిచేయదు.

స్కిమ్మర్ చేయలేనిది

యంత్రమును కొనినంతనే బాధ్యత తీరెనని ఎవరును తలంపరాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞుడు కెన్ ఫెల్డ్‌మన్ తన సహచరులతో కలిసి స్కిమ్మర్ల పనితనమును కొలిచి 2009, 2010 సంవత్సరములలో ప్రకటించెను. నీటిలో కరగియున్న మొత్తము సేంద్రియ కార్బనములో సుమారు అయిదవవంతు మొదలు మూడవవంతు వరకు మాత్రమే అవి తొలగింపగలిగినవి. మిగిలినది బుడగకు అంటుకొను స్వభావము లేనిది. కావున ఎంత పెద్ద యంత్రమును పెట్టినను ఆ మిగిలిన భాగము దానికి లొంగదు. నైట్రేటు వంటి లవణములు, రాగి మొదలగు విషలోహములు నురుగుతో పూర్తిగా పోవు. వాటికి నీటిని కొంత కొంతగా మార్చుటయే మందు. క్రొత్త నీటికై కుళాయి నీటిని నేరుగా వాడరాదు. అందులో క్లోరిన్ ఉండును. మన బోరునీటిలో కాఠిన్యము, ఇతర లవణములు ఉండును. ఆర్.ఓ. నీటిలో అక్వేరియం ఉప్పును కలిపి వాడుట క్షేమము.

నురుగును గూర్చి మరియొక మాట. 2023లో వానలకు కూకట్‌పల్లి ప్రాంతమున ధరణీనగర్ వీధులలోనికి నాలా నుండి తెల్లని నురుగు పొంగి వచ్చెను. 2019లో చెన్నై సముద్రతీరమున అట్టి నురుగే కనబడెను. మురుగు కలిసిన నీటిలో సబ్బు, సేంద్రియ పదార్థములు గాలితో చిలుకబడినప్పుడు జరుగు క్రియయు, స్కిమ్మర్‌లో జరుగు క్రియయు ఒకే సూత్రము. కాని చెరువునకు గిన్నె లేదు, దానిని కడుగువాడు లేడు. లోనికి పోవునది బయటికి రావలెనన్న నియమము 260 లీటర్ల తొట్టికెంతో, ఖాజాగూడ చెరువునకును అంతే.

కళాశాలకు మా సూచన

ఖాజాగూడ గృహస్థు చివరకు మధ్యమ భారమునకు 400 లీటర్ల అంకెగల యంత్రమును తెచ్చి, ఆరు చిన్న చేపలతో సరిపెట్టుకొని, మేతను రెండు గ్రాములకు తగ్గించిరి. క్రొత్త యంత్రము లోపలి జిడ్డు వదలి నిలకడకు వచ్చుటకు పది దినములు పట్టెను. ఆయన ఓపిక పట్టిరి. ఇప్పుడు గిన్నెలో దినమునకు ఒక చిన్న టీ గ్లాసెడు కాఫీరంగు ద్రవము చేరుచున్నది. మేము చూచిన నాటికి ఆరు చేపలును ఆరోగ్యముగా ఉన్నవి.

మన ప్రయోగశాలకును అదే కొలతగల తొట్టిని, ఆరు చిన్న చేపలను, 400 లీటర్ల అంకెగల యంత్రమును సూచించుచున్నాము. పెద్ద యంత్రమునకు పోవలసిన ధనములో మిగిలిన దానితో లవణతను చూచు పరికరము, నైట్రేటు పరీక్ష సామగ్రి, బ్యాటరీ గాలిపంపు, చిన్న త్రాసు కొనవచ్చును. చేపలను సముద్రమునుండి పట్టినవి గాక పెంపకములో పుట్టినవి కొనవలెను. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ క్లౌన్ చేపలను పెంపకములో పిల్లలు చేయించు విధానములను రూపొందించినది. దాని ప్రాంతీయ కేంద్రము విశాఖపట్నమున కలదు. ప్రవాళములను మేము కోరుటలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001లో దిబ్బలు కట్టు ప్రవాళములను రక్షిత జీవుల పట్టికలో చేర్చిరి. విద్యాలయము చట్టమునకు మేల్బంతి కావలెను గదా.

మేతను తూచి వేయుట, గిన్నెలోని ద్రవమును కొలుచుట, లవణతను వ్రాయుట విద్యార్థులు వంతులవారీగా చేయుదురు. సెలవులలో ఎవరు వత్తురో కూడ ముందే పేర్లు వ్రాసి పెట్టితిమి. తీరప్రాంతపు రొయ్యపిల్లల కేంద్రములలోను, నీటిని తిరిగి వాడు చేపల పెంపకములోను ఈ విద్య జీవనోపాధికి పనికివచ్చును.

చేపలు బ్రతుకునా అని సంఘ సభ్యులు అడిగిరి. పెద్ద యంత్రము కొనిన బ్రతుకునని మేము చెప్పలేము. నీటిని కొలిచి, మేతను తూచి, ఆ రెండింటికి తగిన యంత్రమును పెట్టి, దాని గిన్నెను ప్రతిదినము కడిగిన బ్రతుకునని మాత్రము చెప్పగలము. కడుగుటకు మేము సిద్ధముగా ఉన్నాము.